ఇల్లు, కళ్లము, కార్ఖానా: కాశీబుగ్గ జీడి వర్తకమున ఒక గృహస్థుడు

తూర్పున సముద్రము, పడమట మహేంద్రగిరి పంక్తులు, నడుమ కొబ్బరి, పనస, మామిడి, జీడిమామిడి తోటలతో నిండిన ఉద్దానపు ఇసుక నేల. ఆ నేల పండించినదంతయు వచ్చి చేరి, త్రాసులో తూగి, రైలో లారీయో ఎక్కి దేశాంతరములకు పోవు చోటు పలాస, కాశీబుగ్గ అను జంట పట్టణములు. హౌరా నుండి మద్రాసునకు పోవు ఇనుపదారి పలాస మీదుగను, కలకత్తా నుండి మద్రాసునకు పోవు రాజమార్గము కాశీబుగ్గ మీదుగను సాగుటచేత, ఆ రెండిటి నడుమ నున్న కొద్దిపాటి దూరములోనే మా ప్రాంతపు వర్తకమంతయు వేళ్లూని పెరిగినది. మందస కోవాను, నౌపడ ఉప్పును ఎరిగినవారందరును కాశీబుగ్గ జీడిపప్పును ఎరుగుదురు. అయితే ఆ పప్పును లోకమునకు పంపినవారిలో పెద్ద కార్ఖానాల యజమానులతో పాటు, పెరటిలో కళ్లమును, వసారాలో పీటలను, నడవలో త్రాసును అమర్చుకొని, ఉన్న ఇంటినే కార్ఖానాగా చేసికొన్న చిన్న గృహస్థులు ఎందరో కలరని బయటి ఊళ్ల పాఠకులకు తెలియకపోవచ్చును. అట్టివారిలో ఒకరైన మా మేనమామగారిని గూర్చి ఈ జూబిలీ సంచికకు వ్రాయుమని దాని కార్యవర్గమువారు కోరగా, వ్రాయుటకు అడ్డు చెప్పక, పేరు మాత్రము అచ్చులో వేయరాదని మా అత్తయ్యగారు నియమము పెట్టిరి. బ్రతికి యున్నన్నాళ్లు గుమ్మమునకు బోర్డైనను కట్టని మనిషికి ఇప్పుడు పేరెందుకని ఆమె వాదము. అందుచేత ఈ వ్యాసమున ఆయన మామయ్యగారనియే యుందురు.

జీడిమామిడి మన నేల చెట్టు కాదు. పదునారవ శతాబ్దమున పోర్చుగీసువారు బ్రెజిల్ దేశమునుండి తెచ్చి పడమటి తీరమున నాటగా, ఇసుకకును ఉప్పుగాలికిని జంకని ఆ చెట్టు క్రమక్రమముగా తూర్పు తీరమునకును ప్రాకినది. కొల్లములో పప్పు తీయు కార్ఖానాలు వెలసి అమెరికాకు ఎగుమతులు సాగించిన తరువాత, గత శతాబ్ది మధ్యభాగమున ఆ విద్య మా ప్రాంతమున నిలదొక్కుకొన్నది. అప్పటికి ఈ సీమ ఎన్నో మార్పులను చూచి యుండెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒడిశా వేరు రాష్ట్రమగువరకు మా టెక్కలి ప్రాంతము గంజాం జిల్లాలోనిది. ఆ పిమ్మట విశాఖపట్నము జిల్లాలోనిది. 1950 ఆగస్టు 15వ తేదీనుండి శ్రీకాకుళము జిల్లాలోనిది. 1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలోనే జరిగినది. 1948లో జమీందారీల రద్దు చట్టము వచ్చినది. రైతు తన తోటను తనదిగా భావించి చెట్టు పెట్టుకొను ధైర్యము ఆ తరువాతి కాలముననే వచ్చెనని మా పెద్దలు చెప్పుచుండెడివారు.

మామయ్యగారి కథ మాత్రము రంగూనులో ఆరంభమైనది. ఆ కాలమున ఉద్దానమునుండియు, జిల్లా అంతటినుండియు కూలికై బర్మా పోవుట సామాన్యము. ఆయన తండ్రిగారును అట్లే పోయి, ఏండ్ల తరబడి అచ్చటనే యుండి, 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు కురిపించుటతో, అడవులు కొండలు దాటి నడచివచ్చిన లక్షలాది జనములో ఒకరై 1942లో ఇల్లు చేరిరి. గుమ్మములో నిలిచిన ఆ గడ్డపు మనిషిని చూచి పసివాడైన మామయ్యగారు తల్లి చీర చాటున దాగికొనిరట. దాగిన పిల్లవానిని బలవంతముగా ఎత్తుకొనక, తండ్రి అరుగుమీద కూర్చుండి, వాడంతట వాడు వచ్చువరకు రెండు దినములు వేచియుండెనట. ఈ సంగతిని మామయ్యగారు మాకు ఎన్నోమారులు చెప్పిరి, చెప్పిన ప్రతిసారియు ఒకటే మాటతో ముగించెడివారు: “పిల్లలు మొకం మరిసిపోయే కాడ దొరికిన కూడు నాకొద్దు.” ఆయన వర్తకమంతయు ఈ ఒక్క మాటనుండి పుట్టినదని నా అభిప్రాయము. లాభమునకై కాక, ఇల్లు విడువకుండుటకై వర్తకము పెట్టినవారిని నేను ఆయనను తప్ప మరొకరిని చూడలేదు.

ఒక పెద్ద వర్తకుని వద్ద కాటా గుమాస్తాగా కొన్నేండ్లు పనిచేసి, పిక్క నాణ్యమును చేతితో తెలిసికొను నేర్పు సంపాదించి, వివాహానంతరము కాశీబుగ్గలో వెనుక విశాలమైన పెరడు గల పెంకుటింటిని అద్దెకు తీసికొని ఆయన సొంతపని ప్రారంభించిరి. మార్చి మొదలు మే వరకు తోటలనుండి పిక్కలు వచ్చు ఋతువు. ఆ మూడు నెలలలో కొన్న సరకును కళ్లముమీద ఎండబోసి, తేమ పోవుదాకా త్రిప్పి, బస్తాలకెత్తి దాచుకొనినగాని సంవత్సరమంతయు పని సాగదు. 80 కిలోల బస్తాను కొట్టినచో చేతికి వచ్చు పప్పు ఇరువది కిలోల చుట్టుప్రక్కల మాత్రమే, తక్కినదంతయు తొక్క. ఆ తొక్కలోని నల్లని చిక్కని నూనె చర్మమునకు తగిలిన బొబ్బ లేచును. అదే నూనె రంగుల తయారీకిని, మోటారు బండ్ల బ్రేకులకును పనికివచ్చును. తొలినాళ్లలో పిక్కలను పెనముమీదను, పిదప త్రిప్పుడు డ్రమ్ములోను కాల్చుచుండగా లేచు పొగ కండ్లను మండించెడిది, వీధివారు విసుగుకొనెడివారు. ఆవిరిలో ఉడికించు పద్ధతి వచ్చినప్పుడు మామయ్యగారు అందరికంటె ముందుగా దానిని పెట్టించిరి. పప్పు తెల్లగా వచ్చునను వ్యాపారహేతువు దానికి లేకపోలేదు గాని, మా అత్తయ్యగారి దగ్గు అందుకు ప్రధానకారణమని ఇంటిలో అందరికిని తెలియును.

ఉడికిన పిక్కను ఒకనాడు ఆరనిచ్చి, చేతితోను కాలితోను నడుపు కత్తెర యంత్రమున రెండుగా చీల్చి, లోపలి పప్పును సూదిమొనతో విరుగకుండ పైకి తీయవలెను. ఆ పప్పును బోర్మా అను ఆరబెట్టు గదిలో గంటలకొలది వేడిగాలికి ఆరబెట్టిన పిమ్మట పైపొర వదులగును, అప్పుడు పీలింగు. ఆ తరువాతది గ్రేడింగు. గ్రేడింగు మా ఇంటిలో విద్యాభ్యాసముతో కలిసి యుండెడిది. సాయంకాలము దీపము పెట్టిన వెంటనే నడవలో పెద్ద చాప పరచి, ఒక ప్రక్క పప్పు రాశి, ఒక ప్రక్క పిల్లల పలకలు, పుస్తకములు. 180 అనగా పౌనుకు 170 నుండి 180 గింజలు తూగు పెద్ద గుండు. 320 అనగా 300 నుండి 320 తూగునది. వానికి నడుమ 210, 240. పిదప బద్దలు, ముక్కలు. ఈ అంకెలతోనే మాకు కూడికలు, భాగహారములు వచ్చినవి. మామయ్యగారు పిడికెడు పప్పు తీసికొని, కండ్లు మూసికొని, వ్రేళ్ల సందున దొర్లించి, “ఇందులో రెండు వందల నలబైలో మూడు రెండు వందల పదులు కలిసినాయి” అని చెప్పి, చిన్నకూతురి ముందు పోసెడివారు. ఆ పిల్ల ఏరి మూడును బయటపెట్టిన దినమున, అయిదవ తరగతిలో మొదటి మార్కు వచ్చిన దినముకంటె ఎక్కువ సంతోషించిరి. సరిపోని రోజున తాను తప్పితినని ఒప్పుకొని, మరల పిడికిలి పట్టెడివారు. ఏ బడిలోను నాకు అంతటి ఓర్పు గల ఉపాధ్యాయుడు దొరకలేదు.

రాత్రి భోజనము ఏడున్నరకు. బేరగాండ్రు వచ్చినను, పలాస స్టేషనులో పార్సెలు కట్టవలసి యున్నను, ఏడున్నరకు అందరును ఒకే వరుసలో కూర్చుండవలసినదే. కలకత్తా బేరగాడొకడు ఈ నియమము తెలియక వచ్చి, అరుగుమీద వేచియుండి, చివరకు లోపలికి పిలువబడి, పనసకాయ కూరతో భోజనముచేసి, అటుపిమ్మట బేరమాడెను. ఆతడు ఆ తరువాత ప్రతి ఏట మా ఇంటికే వచ్చుచుండెను.

ఈ వర్తకమును నిజముగా మోసినది స్త్రీలు. కటింగు, పీలింగు, గ్రేడింగు మూడింటను వారే. చుట్టుప్రక్కల పల్లెలనుండి వేకువనే నడచివచ్చి, అరచేతులకు బూడిద పులుముకొని పీటల ముందు కూర్చుండెడివారు. బూడిద ఎంత పులిమినను నూనె లోపలికి దిగును. వ్రేళ్ల కొనలు నల్లబడి, గోళ్ల చుట్టును చర్మము ఒలిచిపోవును. ఆ నలుపు పండుగ దినమునకును వదలదు. అన్నము కలుపుకొనునప్పుడు మండునని కొందరు చెంచా తెచ్చుకొనుటను నేను చూచితిని. వారిలో పెద్దది యొకతె ఉండెడిది; పని తీరులో ఆమె మాటకు మామయ్యగారు ఎదురు చెప్పెడివారు కారు. “బావూ, పిక్క ఉడకనేదు, పప్పు ఇరిగిపోతంది” అని ఆమె అన్నచో ఆ వాయి మరల ఆవిరికి పోవలసినదే. తన ఇంటి పెండ్లిపనులలో ఆమెను సంప్రదించుటయు, ఆమె మనుమని ఫీజు కట్టుటయు ఆయనకు వర్తకధర్మములోని భాగములే.

అయినను సత్యమును దాచరాదు. కూలి విషయమున మామయ్యగారు ఉదారులు కారు. ఊరిలో తక్కిన కార్ఖానాలవారు పెంచినప్పుడు పెంచెడివారు. ముందుగా పెంచుట ఎరుగరు. కష్టమునకు ఆదుకొనుట వేరు, కష్టమునకు తగిన వెల ఇచ్చుట వేరు. మొదటిదానిలో ఆయనకు సాటి లేరు, రెండవదానిలో ఆయన తన కాలమునకు లోబడినవారు. ఈ మాటను ఆయన కూతురు చదివి ఒప్పుకొన్న తరువాతనే ఇచ్చట వ్రాయుచున్నాను.

ఉద్దానపు పంట ఈ రెండు పట్టణముల కార్ఖానాలకు ఏడాదిపాటు చాలదు. ఐవరీకోస్టు, బెనిన్, టాంజానియా మొదలగు ఆఫ్రికా దేశముల పిక్కలు విశాఖపట్నము రేవున దిగి లారీలమీద ఇచ్చటికి రాసాగినప్పుడు, వర్తకమునకు కొత్త యుగము వచ్చినది. దగ్గరి బంధువొకరు భాగస్వామ్యమునకు పిలిచి, బ్యాంకు అప్పు, గోదాము, పారిశ్రామికవాడలో స్థలము అన్నియు తానే చూచెదననిరి. మామయ్యగారు రెండు రాత్రులు ఆలోచించి వలదనిరి. “ఓడ ఎప్పుడొస్తాదో సూసుకుంటా కూసుంటే, పిల్ల ఇస్కూలునుంచి ఎప్పుడొచ్చిందో ఎవుడు సూస్తాడు?” అన్నది ఆయన సమాధానము. ఆ బంధువు పిదప మిక్కిలి ధనవంతుడయ్యెను. మామయ్యగారు ఆయనవద్దనే ఆఫ్రికా సరకును పదేసి బస్తాలుగా కొని పని సాగించుకొనిరి. దానిని గూర్చి ఎన్నడును చింతించినట్లు కనబడలేదు. వృద్ధి చెందుటయే వర్తకమునకు పరమార్థమని నేటివారు నమ్మెదరు. తనకు తెలిసిన మనుష్యుల సంఖ్యను దాటి పని పెంచుకొనరాదను నిర్ణయమునకు, పెంచుకొనుటకు కావలసినంత తెలివియు, అంతకు మించిన నిబ్బరమును కావలెనని నేను ఆయనను చూచి గ్రహించితిని.

ఆ నిబ్బరమునకు పరీక్ష తమ్ముని రోగరూపమున వచ్చినది. ఉద్దానపు పల్లెలను దశాబ్దములుగా తినివేయుచున్న మూత్రపిండ వ్యాధి ఎరుగని వారు లేరు. నీటివలననో, మందులవలననో, ఎండలో చేయు చాకిరివలననో శాస్త్రజ్ఞులు నేటికిని నిశ్చయముగా తేల్చలేకపోయిన ఆ వ్యాధి మామయ్యగారి తమ్ముని పట్టుకొన్నప్పుడు, సమీపమున డయాలిసిస్ చేయు చోటు లేదు. వారమునకు రెండుమారులు వేకువ రైలులో విశాఖపట్నము పోయి, తమ్ముని యంత్రమువద్ద పరుండబెట్టి, ప్రక్కన స్టూలుమీద కూర్చుండి, రాత్రి రైలులో తిరిగి వచ్చుట. మందుల చీటీలను, రైలు టిక్కెట్లను జీడి ఖాతా పుస్తకములోనే ఒక ప్రక్క అంటించెడివారు. ఆ ఏడు మార్చిలో పిక్కల కొనుగోలు ఋతువు రానే వచ్చినది. మామయ్యగారు తోటలకు పోలేదు. సరకు లేక కార్ఖానా కొన్ని నెలలు సగమునకు సగము మూతపడినది. అప్పుడు అత్తయ్యగారు పీలింగు స్త్రీలను కూర్చుండబెట్టి ఉన్న సంగతి చెప్పగా, పొరుగు కార్ఖానాలలో పనికి పోయి, తమ్ముడు కాలముచేసిన పిమ్మట పని మొదలైన దినముననే అందరును తిరిగి వచ్చిరి. ఈ భాగమును గూర్చి మామయ్యగారు ఎన్నడును మాటాడలేదు; ఖాతా పుస్తకములోని ఆ టిక్కెట్లే నాకు చెప్పినవి. పలాసలో 200 పడకల ఆసుపత్రియు, మూత్రపిండ వ్యాధుల పరిశోధనకేంద్రమును 2023 డిసెంబరులో ప్రారంభమైనవి. అప్పటికి మామయ్యగారు లేరు.

2018 అక్టోబరు 11వ తేదీ వేకువన తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలము పల్లిసారథివద్ద తీరము దాటినది. అయిదేండ్లకు మునుపు ఫైలిన్ వచ్చి పోయినది గాని, తిత్లీ ధాటికి ఉద్దానము ఆనవాలు పట్టరానిదయ్యెను. కొబ్బరిచెట్లు మొదలంట విరిగినవి. విశాలముగా కొమ్మలు చాచి యిసుకలో నిలిచిన జీడిచెట్లు వేళ్లతో సహా ఒరిగిపోయినవి. కరెంటు లేక ఊళ్లు చీకటిలో మునిగిన ఆ దినములలో, ముసలితనమున మామయ్యగారు మనుమని స్కూటరు వెనుక కూర్చుండి, తాను ముందుగా బయానా ఇచ్చిన తోటలన్నిటిని చూచి వచ్చిరి. జీడిచెట్టు నాటిన మూడు నాలుగేండ్లకు గాని కాపు పట్టదు. నిండు కాపునకు మరికొన్ని ఏండ్లు. తిరిగి వచ్చి, ఖాతా తెరిపించి, ఒక్కొక్క రైతు పేరుకు ఎదురుగా బాకీ కొట్టివేయక, గడువు గడిలో తేదీకి బదులు “చెట్టు కాసినాక” అని వ్రాయించిరి. కొట్టివేసినచో రైతు చిన్నబోవునట. తేదీ వేసినచో నిద్రపోడట. ఆ పుట నావద్ద కలదు. అందులోని బాకీలలో కొన్ని తీరినవి, కొన్ని ఇంకను తీరవలసి యున్నవి; తీర్చవచ్చిన రైతులు మామయ్యగారి కూతురి చేతికే ఇచ్చుచున్నారు.

ఆ కూతురే, నడవలో 210ని ఏరిన ఆ చిన్నపిల్లయే, నేడు కార్ఖానాను నడుపుచున్నది. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పాత ఖాతాలు కంప్యూటరునకు ఎక్కినవి. కత్తెర యంత్రములలో కొన్నిటికి బదులు మోటారుతో నడచునవి వచ్చినవి. పది కిలోల డబ్బాలతో పాటు పావుకిలో పొట్లములును పోవుచున్నవి. ఏడున్నర భోజనము మాత్రము అట్లే యున్నది. చేతులకు తొడుగులు కొనిపెట్టుట ఆమె చేసిన మొదటి మార్పు. తొడుగుతో పప్పు విరుగునని పెద్దలు సణిగిరి; కొంత విరిగినది కూడ. విరిగిన పప్పు ముక్కల ధరకు పోవును, పోనిండని ఆమె అన్నది. కూలియు ఈమారు ఊరిలో అందరికంటె ముందుగా పెంచినది. తండ్రి చేయని పనిని చేసి ఆమె తండ్రిపేరు నిలిపినదని నేను నిస్సంశయముగా చెప్పగలను.

ఇక కార్యవర్గమువారికిని, ఈ సంచిక చదువు కాశీబుగ్గ, పలాస పురజనులకును నాదొక మనవి. సంచికలో యజమానుల ఛాయాచిత్రములు అచ్చగుచున్నవి, అది ఉచితమే. అయితే మా అత్తయ్యగారు మొదటి దినమునుండి వ్రాసిన హాజరు పుస్తకములు బియ్యపు డబ్బాలో భద్రముగా ఉన్నవి. అందులో పీటలముందు కూర్చున్న ప్రతి స్త్రీ పేరును, ఆమె ఊరును, ఏ దినమున ఎన్ని కిలోలు కొట్టినదియు కలదు. యజమాని పేరు వలదన్న అత్తయ్యగారు ఈ పేర్లు వేయుటకు మాత్రము సంతోషముతో ఒప్పుకొనిరి. ఆ స్త్రీల ఇండ్లకు పోయి వారి అనుమతియు, బ్రతికి లేనివారి పిల్లల అనుమతియు ఆమెయే తెచ్చుచున్నారు. ఇట్టి పుస్తకములు మన పాత కార్ఖానాల ఇండ్లలో ఇంకను కొన్ని ఉండక తప్పదు. చెదలు పట్టకముందే వానిని వెదకి తీసి కార్యవర్గమువారికి అందజేయవలెననియు, రాబోవు సంచికలో ఆ పేర్లకు మొదటి పుటలు కేటాయింపవలెననియు ప్రార్థించుచున్నాను.